పొడిముడి

పాత న్యూస్‌పేపరు మీద రీలు ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. మడతాయన ఒక్కొక్కటే తీసి, కిరసనాయిల్లో ముంచిన టూత్‌బ్రష్షుతో చక్రాల పళ్లసందుల్లో ఇరుక్కున్న ఇసుక తోముతున్నాడు. ఆ గాలపు రీలు ఆయనది కాదు, బావగారిది. మొన్నమొన్న కొన్నది, అప్పుడే ఇసుక, తుప్పు, ఎండిపోయిన ఎరముద్ద. ఇంత ఖరీదైన వస్తువుని ఇంత అన్యాయంగా వాడేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మండుతుంది. మండినా పైకి అనడు. నోట్లో నాలుక లేని మనిషని పెళ్లైన కొత్తల్లోనే పేరు పడింది. ఆ పేరు పోగొట్టుకోవడానికి ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు.

ఆసుపత్రి లాండ్రీలో వేడి రోలరు కింద నుంచి వచ్చే దుప్పట్లని మడతపెట్టడం ఆయన ఉద్యోగం. మడతాయన అన్న పేరు అక్కడివాళ్లు పెట్టిందే. బస్సు టిక్కెట్టుని కూడా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాడని, చనిపోతే తనని తానే మడతపెట్టుకుని పెట్టెలో పడుకుంటాడని వెక్కిరిస్తారు. ఆయనా వాళ్లతోపాటు నవ్వుతాడు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, ఉతికినా పోని మరకల్లా. ఆ ఉద్యోగం వేయించింది బావగారే. భార్యకి సొంత అన్న, లాండ్రీకి సూపర్‌వైజరు. "నేను వేయించిన ఉద్యోగం" అన్న మాటని పెళ్లి భోజనాల్లోనే కాదు, చావింట్లో కూడా ఇరికించగల నేర్పు ఆయనది.

మడతాయనకంటూ ఉన్నవి ఒక పాత సైకిలు, ఒక గాలపు కర్ర, ఊరి బయట నీళ్లు నిండిన రాతి క్వారీ గుంట. గుంట ఎవరిదో మరి, ఆయన మాత్రం తనదే అనుకుంటాడు. సైకిలు చైను విప్పి కడిగి నూనె పెట్టడం ఆయనకి పూజలాంటిది. తొక్కుతుంటే టైరు కింద మట్టి నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఈ ఎండాకాలమంతా తెల్లారగానే ఆ సైకిలెక్కి గుంటకి వెళ్లాడు. గాలం వెయ్యడానికి కాదు. ఆసుపత్రి క్యాంటీనులో మిగిలిన బ్రెడ్డు నానబెట్టి, ఉండలు చేసి, ఒకేచోట నీళ్లలో వేసి రావడానికి. అలా మేపితే చేపకి ఆ చోటు అలవాటవుతుంది, భయం పోతుంది.

పోయిన వారం దాన్ని కళ్లారా చూశాడు. బంగారుతీగ చేప. ముసలిది, చంటిబిడ్డంత ఉంది. రాతి అంచు కింద నుంచి తీరిగ్గా వచ్చి, ఉండని నోట్లోకి తీసుకుని, మళ్లీ చీకట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఆయనకి ఒళ్లు తేలిగ్గా ఉంది. ఈ సెలవురోజున దాన్ని పట్టాలనుకున్నాడు. పట్టి, రెండు చేతుల్తో ఎత్తి ఒక్కసారి ముఖం చూసి, వదిలెయ్యాలనుకున్నాడు. తినడానికీ కాదు, చూపించుకోవడానికీ కాదు. తన చేతుల్లోకి కూడా ఒక పెద్దది వస్తుందని తెలుసుకోవడానికి, అంతే.

నిన్న సాయంత్రం బావగారు ఇంటికొస్తే భార్య ఊరుకోలేదు. "మా ఆయన గుంటలో చేపని మేపుతున్నాడన్నయ్యా. ముద్దలు కలిపి మరీ! నాకెప్పుడైనా ఓ ముద్ద కలిపి పెట్టాడా?" అని నవ్వింది.

బావగారు నవ్వలేదు. "ఏ పక్కన?" అన్నారు.

మడతాయనకి చెప్పక తప్పలేదు.

"అయితే రేపు నేనెళ్తా బావా. నువ్వు డ్యూటీకి రా, రోలరు దగ్గర మనుషుల్లేరు. పొద్దున్నే నా రీలు కాస్త చూసిపెట్టు, పట్టేస్తోంది. ముడులు కూడా నువ్వే వేసెయ్."

"అలాగే బావగారూ" అన్నాడు. ఇంకేమంటాడు?

రీలు బిగించడం అయిపోయింది. ఇక మిగిలినవి రెండు ముడులు. కింద గాలానికి ఒకటి. పైన, నీళ్లమీద తేలే బెండుకి ఎగువన, రీలు నుంచి వచ్చే లావు దారాన్ని సన్న దారంతో కలిపేది ఇంకొకటి. నైలాను ముడిని బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడపాలి. పొడిగా లాగితే ఆ రాపిడికి దారం లోలోపలే కాలుతుంది. పైకి మాత్రం ముడి ముచ్చటగా ఉంటుంది. బరువు పడినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

గాలం ముడి ఎప్పటిలాగే తడిపి బిగించాడు. బావగారు దాన్ని లాగి చూస్తారు. పై ముడి వంక ఎవరూ చూడరు. దాన్ని పెదాల దాకా తెచ్చి ఆగాడు. మళ్లీ కిందికి దించి, రెండు కొసలూ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. చిర్రుమంది. వేలికి సన్నగా వేడి తగిలింది. ఇన్నేళ్లలో బావగారికి చేసిన మొదటి ద్రోహం అది. చెప్పొద్దూ, ఆయనకి భలే సంతోషం వేసింది.

బయట కారు హారను మోగింది. బావగారు దిగకుండానే చెయ్యి చాచి కర్ర అందుకున్నారు. గాలాన్ని బొటనవేలితో ఓసారి లాగి చూసి, "బానే ఉంది. నువ్వు లేటు కాకు" అని వెళ్లిపోయారు.

లాండ్రీలో ఆ రోజు దుప్పట్లు కుప్పలుగా వచ్చాయి. అంచు పట్టుకో, దులుపు, సగానికి మడువు, మళ్లీ సగానికి. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు గుంట దగ్గరే ఉంది. ముడి తెగుతుంది, చేప బతుకుతుంది, బావగారు ముఖం వేలాడేసుకుని వస్తారు, వచ్చే సెలవుకి చోటు మళ్లీ నాది. ఈ నాలుగు మాటలే తిప్పితిప్పి అనుకున్నాడు. ఆవిరిలో చెమటలు కక్కుతూ ఒకసారి తనలో తనే నవ్వుకుంటే, అవతలి అంచు పట్టుకున్న ఆమె "ఏంటి మడతాయనా, లాటరీ తగిలిందా?" అంది.

మధ్యాహ్నం టీ వేళకి బావగారు వచ్చారు. మోకాళ్ల దాకా బురద. ముఖం వేలాడడం మాట అటుంచి, వెలిగిపోతోంది.

"ఎంతనుకున్నారు? ఇంత!" అని రెండు చేతులూ బారజాపారు. "రాడ్డు విల్లులా వంగింది. నేను లాగుతున్నా, అది లాగుతోంది. ఆఖరికి టప్పున తెంపుకుంది. బెండుతో సహా లాక్కుపోయింది!"

టీ కప్పులు పట్టుకుని అందరూ నోరెళ్లబెట్టి వింటున్నారు.

"ముడి సరిగ్గా పడలేదేమో సార్" అన్నాడు డ్రయ్యరు దగ్గర పనిచేసేవాడు.

బావగారికి కోపం వచ్చింది. "ముడా? అది మా బావ వేసిన ముడి! మా బావకి ఇంకేం రాకపోవచ్చుగానీ, చేతిపనిలో అతన్ని మించినవాడు లేడు. ఆ ముడి తెగిందంటే అది చేప కాదు, ఏనుగు!"

జేబులోంచి తెగిన దారం కొస తీసి అందరికీ చూపించారు. కొస నిటారుగా లేదు, కాలిన వెంట్రుకలా మెలికలు తిరిగి ఉంది. అదేమిటో తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. అందరూ అతని వైపే తిరిగి చూశారు, మెచ్చుకోలుగా. ఎవరో భుజం కూడా తట్టారు. జీవితమంతా బాగా చేసిన పనికి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. కావాలని చెడగొట్టిన ఒక్క పనికి ఇంత పొగడ్త.

ఆ తరవాత మెల్లగా ఇంకో మాట తలకెక్కింది. బెండుతో సహా.

గాలం ముడి పాడుచేసి ఉంటే చేప మూతికి గాలం ఒక్కటే ఉండేది, నాలుగు రోజుల్లో ఊడి పడిపోయేది. తను పాడుచేసింది పై ముడి. అంటే అది బారెడు దారం, సీసపు గుండు, బెండు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. అడుగున ఎక్కడ చూసినా రాళ్లు, మునిగిన చెట్ల కొమ్మలు. బావగారు ఏ ముడి లాగి చూస్తారా అన్న ఒక్క ధ్యాసలో పడి చేప సంగతే మరిచిపోయాడు. దేని కోసమైతే ఇదంతా చేశాడో దాన్నే.

డ్యూటీ దిగగానే సైకిలెక్కాడు. ఎప్పుడూ సీటు మీంచి లేవని మనిషి, లేచి నిలబడి తొక్కాడు. గుంట చేరేసరికి పొద్దు వాలుతోంది. బెండు కనపడింది. తను రోజూ మేపే చోటుకి కాస్త అవతల, నీళ్లలోంచి పొడుచుకొచ్చిన ఎండుకొమ్మ పక్కన. దారం కొమ్మకి చుట్టుకుపోయినట్టుంది. బెండు మునుగుతోంది, తేలుతోంది, కొంచెం ఆగి మళ్లీ మునుగుతోంది.

కర్ర ఇంట్లో ఉంది. వెళ్లి తెచ్చేసరికి చీకటి పడుతుంది. ఆయనకి ఈత రాదు.

చెప్పులు విడుస్తుంటే జేబులో ఫోను మోగింది. భార్య.

"అన్నయ్య చెప్పాడండీ! అందరి ముందూ మిమ్మల్ని ఎంత పొగిడాడట! నాకెంత గర్వంగా ఉందో తెలుసా? మా పుట్టింటివాళ్లు మిమ్మల్ని ఓ మనిషిగా గుర్తించడానికి ఇన్నాళ్లు పట్టింది."

"ఊఁ" అన్నాడు.

"ఏంటా గొంతు? సంతోషంగా లేదా?"

"ఉంది" అని ఫోను ఒడ్డున చెప్పుల్లో పెట్టి నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు, నడుము, ఛాతీ. ఇంకో అడుగు వేస్తే కాలికి రాయి అందలేదు. వెనక్కి తగ్గి రాయి అంచు మీద నిలబడిపోయాడు. చెయ్యి చాపితే బెండుకీ వేళ్లకీ మధ్య ఓ సైకిలు పట్టేంత దూరం. "ఆగవే, ఆగు, గుంజకు" అన్నాడు పైకే. చేపతో మాట్లాడడం అదే మొదటిసారి.

బెండు మునగడం తగ్గింది. తరవాత ఉత్తినే వణికింది. ఆయన చెయ్యి చాపుకునే నిలబడ్డాడు. కాసేపటికి ఆ వణుకు కూడా ఆగింది. ఆయన దించని చెయ్యికి అవతల, ఎర్రటి కొత్త బెండు దుకాణంవాడు అంటించిన చీటీతో సహా, నీళ్లలో నిటారుగా, కదలకుండా నిలబడి ఉంది.