పెడముఖం పెట్టిన ఫోటో

ఆ వారం మంగళవారందాకా దర్జీ అక్క ఎప్పట్లాగే పనిచేసింది. రెండు స్కూలు యూనిఫారాలు, ఒక లాయరు కోటు కుట్టి ఇచ్చేసి, బుధవారం పొద్దున మిషను మీద గుడ్డ కప్పి, పెట్టె పట్టుకుని విమానాశ్రయానికి బయల్దేరింది. విదేశంలో ఉన్న చెల్లెలు యాభై రెండేళ్ళ వయసులో శుక్రవారం పెళ్ళి చేసుకోబోతోంది. పెళ్ళికొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు.

కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు తెరిచింది.

"ఫోటో అటు తిరిగిందండీ."

నిజమే. జడా, మెడ వెనక పుట్టుమచ్చా తప్ప ఏమీ కనబడటం లేదు.

"నిన్నటిదాకా బాగానే ఉందమ్మా!"

"అలిగిన ఫోటోలు ఏడో నంబరులో చూస్తారు. గంటలో గేటు మూసేస్తారు, త్వరగా వెళ్ళండి."

ఏడో నంబరులో కళ్ళజోడు గుమాస్తా ఉన్నాడు. అక్క ముందున్న పెద్దాయన ఫోటో నిద్రపోతోంది. గుమాస్తా పేజీ మీద వేలితో తట్టి లేపి, ఆయన్ని పంపించేశాడు. తర్వాత అక్క కాగితాలు చూశాడు.

"ప్రయాణ కారణం, చెల్లెలి పెళ్ళి. నిజమేనా?"

"నిజమే."

ఫోటోలో జడ అడ్డంగా ఊగింది.

"పెళ్ళికేనండీ," అంది అక్క గొంతు తగ్గించి. "ఆపడానికి."

"అలా చెప్పండి మరి. అది కొట్టేసి, ఉన్నదున్నట్టు రాయండి."

అక్క రాసింది. ఫోటో కొంగు కూడా నెత్తిన కప్పేసుకుంది. గుమాస్తా ఫోను ముందుకు జరిపాడు.

"ఇది నావల్ల కాదు. మీ చెల్లెలితోనే మాట్లాడండి."

చెల్లెలు వెంటనే ఎత్తింది.

"ఏమే, నీ పెళ్ళి ఆపడానికి వస్తున్నానే."

"తెలుసక్కా. నీ పెట్టెకన్నా నీ ఉపన్యాసమే బరువుంటుందని ఆయనకి ముందే చెప్పాను."

"తెలిసీ టికెట్ ఎందుకు పంపావ్?"

"నాకింకెవరున్నారు? తిట్టడానికైనా నువ్వే రావాలిగా."

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది. వెనక వరుసలో వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు.

"నువ్వు కాపురంలో పడితే, ఆదివారాలు నాకు ఫోను ఎవరు చేస్తారే?"

"అయ్యో పిచ్చి అక్కా, ఇదా సంగతి! ఆదివారం ఆయన మధ్యాహ్నం మూడింటిదాకా లేవడు. అప్పటిదాకా నేను గోడతో మాట్లాడాలా?"

ఫోటో కొంగు దించి ఇటు తిరిగింది, కానీ సగమే. ఒక కన్ను, ఒక చెవి కనిపించాయి.

"రెండు చెవులూ కనబడాలి, రూలు," అన్నాడు గుమాస్తా.

అక్క కలం తీసుకుని 'ఆపడానికి' అన్నది కొట్టేసి, 'జరిపించడానికి' అని రాసింది. రాసేటప్పుడు మూతి మూడు వంకర్లు తిప్పింది, కానీ రాసింది. ఫోటో పూర్తిగా ఇటు తిరిగి కూర్చుంది. గుమాస్తా అది మనసు మార్చుకునేలోపే ముద్ర కొట్టేశాడు.

శుక్రవారం రిజిస్ట్రారు గదిలో సాక్షి సంతకానికి అక్కనే పిలిచారు. లిఫ్టులాయన ఆవిడకి కుర్చీ జరిపాడు. అక్క పొడి కళ్ళతో, బిగించిన పెదాలతో సంతకం పెట్టింది. రిజిస్ట్రారు పేరు సరిచూసుకోవడానికి పాస్‌పోర్టు తెరిచి, ఒక్క క్షణం ఆగి, సొరుగులోంచి అద్దుడు కాగితం తీసి, తడిసిన ఫోటో మీద మెల్లగా వేసి మూశాడు.