నిబ్బరం గల మనిషి

పొరుగువాణ్ణి చంపినందుకు కదెవెరెకి కోర్టు ఉరిశిక్ష వేసింది. ఇక చంపినా, క్షమించి వదిలినా రాజధాని జోంబాలో ఉండే గవర్నరే. ఊళ్ళో ఏమనుకుంటున్నారో కనుక్కోమని ఆయన జిల్లా దొరను పంపాడు.

కదెవెరె తరఫున అతని మేనమామ చికోపాయే మాట్లాడాలి. ఒక్క మాట తప్పితే పిల్లవాడి ప్రాణం పోతుంది. తాగుబోతునీ, కోపిష్టినీ ఏ దొర మాత్రం దయతలుస్తాడు?

"తాగుతాడా?" దొర ప్రశ్నను దుబాసీ మతియాసి వినిపించాడు.

"అబ్బే! వాసన కూడా చూడడు దొరగారూ."

"కోపం ఎక్కువా?"

"వాడికి కోపమా? ఏదైనా ఆలోచించుకునే చేస్తాడు. నిబ్బరం గల మనిషి."

"అన్నా, ఆ రోజు వాడు..." అంటూ కదెవెరె తల్లి నంబెవె నోరు తెరిచింది. చికోపా ఉరిమి చూశాడు. ఆమె నోరు మూసుకుంది. పాపం, మూసుకోకపోయినా బాగుండేది!

ఆ రోజు కదెవెరె పీకలదాకా తాగి ఉన్నాడు. మొన్నే పాతిపెట్టిన నీ బిడ్డను నువ్వే చేతబడి చేసి తిన్నావని పొరుగువాడు నలుగురిలో అనేసరికి, ఒళ్ళు తెలియక గొడ్డలి ఎత్తాడు. ఇంటి మీద చేతబడి మచ్చ పడుతుందని కోర్టులోనూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

దొర కారెక్కి వెళ్ళిపోయాడు. హమ్మయ్య, గట్టెక్కామనుకున్నాడు చికోపా.

మతియాసిది పక్కూరే, అందుకని ఆగిపోయాడు. "ఎంత పని చేశావు పెద్దయ్యా! తాగిన మైకంలోనో, కోపం పట్టలేకో చంపినవాళ్ళనే గవర్నరు వదిలేది. ఆలోచించి చంపినవాణ్ణి ఎందుకు వదులుతాడు?"

చికోపా అప్పటికప్పుడు బయల్దేరి, దొర కచేరీకి నడిచి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు.

"నిన్న మంచివాడన్నావు, ఇవాళ తాగుబోతంటున్నావు. ఎవరు నేర్పారు?" అన్నాడు దొర. "నీ మాట జోంబాకు చేరిపోయింది."

ముసలాయన జోంబా దారి పట్టాడు. వెనక లారీ చప్పుడైతే చాలు, ఉరి ఆర్డరు అందులోనే పోతోందేమోనని నడక వేగం పెంచేవాడు. గవర్నరు ముందు తడబడకూడదని ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుంటూ పోయాడు: "నా మేనల్లుడు తాగుబోతు బాబూ. కోపిష్టి. ఒళ్ళు తెలియనివాడు." ఇంటి పరువు కోసం ప్రాణం పెట్టే మనిషి!

గవర్నరు గేటు దగ్గర తరిమేశారు. జైలుకు పరిగెత్తాడు. కాపలావాడు ఊరూ పేరూ అడిగి, లోపలికి వెళ్ళి, మడతపెట్టిన గుడ్డ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. కదెవెరె కట్టుకునే గుడ్డే.

"ఏడవకు పెద్దయ్యా. పొద్దున్నే అయిపోయింది. ఉరికంబం దగ్గరికి చాలామందిని మోసుకెళ్ళాల్సి వస్తుంది. మీవాడు మాత్రం తన కాళ్ళ మీదే నడిచాడు. నిబ్బరం గల మనిషి."

చికోపా రెండు చెవులూ మూసుకున్నాడు.

"కాదు బాబూ, కాదు," అన్నాడు. "వాడు తాగుబోతు."