విజిల్ వదిన

ఆదివారం పొద్దున్నే కుక్కర్లో బియ్యం పోయకుండా ఉత్త నీళ్ళు పోసి మూత పెట్టడం రాజరాజేశ్వరికి చేతి అలవాటైపోయింది. మొదట్లో బియ్యం పోసే పెట్టేది. హాల్లో వీడియో కోసం మొగుడు భార్గవ మాట్లాడటం ఎంతకీ తెమిలేది కాదు, విజిల్ మీద విజిల్ వచ్చి అన్నం ముద్దయ్యేది. ఆ ముద్ద తినలేక ఆయనే విసుక్కుని, "బియ్యం దండగ, నీళ్ళు పెట్టు చాలు. మనకి కావాల్సింది చప్పుడే కదా" అన్నాడు. మెతుకు లేని కుక్కర్ పొయ్యెక్కితే ఇంటికి కీడని అత్తగారు భారతీదేవికి పట్టింపు. అందుకని వారం వారం ఆవిడ వంటింట్లోకి వచ్చి, మూత పెట్టేలోగా గుప్పెట్లోంచి నాలుగు బియ్యపుగింజలు అందులో వేసి వెళ్తుంది. కొడుకుని మాత్రం ఏమీ అనదు.

భార్గవ ఒకప్పుడు జగ్గయ్యపేటలో ఇన్సూరెన్స్ పాలసీలు కట్టించేవాడు. మనిషిని కూర్చోబెట్టి మాటల్లో దించడం అప్పుడే వచ్చింది. ఇప్పుడు ఫోను ముందు కూర్చుని అదే పని చేస్తాడు. ఛానెల్ పేరు 'ఇంటి పెద్ద'. సంపాదించే పెళ్ళాం పొగరు ఎలా దించాలి, పుట్టింటికి ఎన్నాళ్ళకోసారి పంపాలి, ఏడిస్తే ఎందుకు కరగకూడదు. చూసేవాళ్ళంతా ఆయనకి తమ్ముళ్ళే. తమ్ముళ్ళు పెరిగేకొద్దీ గడ్డం నూనెల ప్రకటనలొచ్చాయి, వాచీలొచ్చాయి, ఆ పైన డబ్బు కట్టి చేరే 'పెత్తనం' కోర్సొచ్చింది. ఆ రాబడితోనే హాల్లో ఏసీ పెట్టించాడు. చల్లదనం వంటింట్లోకి పోకుండా మధ్య తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడతాడు.

ఆ మాటల్లో ఆయన నమ్మేవి ఎన్నో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆమె రెండు రోజులు ఊరెళితే నిద్ర పట్టదని ఫోన్లు చేసే మనిషి, ఉతికిన చొక్కా ఏ అరలో ఉందో తెలియని మనిషి, పెళ్ళాం లేకపోయినా బతకడం ఎలాగో పాఠం చెబుతాడు. నమ్మి అంటే వాదించొచ్చు. నమ్మకుండా అమ్ముకునేవాడితో ఏం వాదిస్తాం? ఒకటి రెండుసార్లు పోట్లాడింది. ఆ పోట్లాటలో ఆమె అన్న మాటే తర్వాత వీడియోలో, "ఒకావిడ మొగుడితో ఇలా అందట తమ్ముళ్ళూ" అని వచ్చింది. నవ్వుతున్న బొమ్మలతో కింద వందల కామెంట్లు. అప్పట్నించి ఆమె మాట్లాడటం తగ్గించింది. ఆడదాని మౌనం వెనక ఎంత కుట్ర ఉంటుందో దాని మీదా ఒక వీడియో చేశాడు.

విజిల్ సంగతి అనుకోకుండా జరిగింది. ఒకరోజు ఆయన, "ఆడదానికి ఉద్యోగం ఇవ్వు, పెత్తనం ఇవ్వకు. వినపడిందా తమ్ముళ్ళూ?" అని ఆగగానే వంటింట్లో కుక్కర్ కూసింది. రికార్డింగు పాడైందని తలుపు తోసుకొచ్చి అరిచాడు. మళ్ళీ చేసే ఓపిక లేక అలాగే పెట్టేశాడు. సాయంత్రానికి ఎక్కడ చూసినా ఆ ముక్కే. 'అన్న అడిగాడు, వదిన విజిల్‌తో జవాబిచ్చింది.' 'వదినంటే అలా ఉండాలి, నోరు కాదు, కుక్కర్ లేవాలి.' ఆ రాత్రి భార్గవ పూతరేకులు పట్టుకొచ్చాడు. "నీ విజిలే హిట్టయింది రాజీ" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చేసిన పనిని ఆయన పేరుపెట్టి మెచ్చుకోవడం అదే మొదలు. తర్వాత తర్వాత ఆమెని తొలిచింది ఆ కామెంట్లు కావు. ఆ పూట పూతరేకు నోట్లో పెట్టుకున్నప్పుడు తనకి కలిగిన సంతోషం. అంత చిన్న మాటకి అంత ఆకలితో ఉన్నానా అనుకుంటే ఒళ్ళు జలదరించేది.

అప్పట్నించి అదొక పద్ధతయింది. ఆయన "మా ఇంట్లో అయితే" అనగానే ఆమె మంట పెంచాలి. "వినపడిందా తమ్ముళ్ళూ?" అనేసరికి విజిల్ రావాలి. ముందొస్తే తిట్లు, ఆలస్యమైతే తిట్లు. లెక్కల టీచరు కాబట్టి ఎన్ని నీళ్ళకి ఎంత మంటో తొందరగానే పట్టుబడింది. ఆమె మొహం ఎవరూ చూడలేదు, పేరు ఎవరికీ తెలియదు. జనానికి ఆమె విజిల్ వదిన.

నందిగామ స్కూల్లో ఆమె ఆర్.ఆర్. మేడం. ఈ ఏడే చేరింది. మీవారేం చేస్తారంటే బిజినెస్సని చెప్పింది. రోజూ సిమెంటు లారీల వెనక దుమ్ము తింటూ బస్సులో వెళ్ళి వస్తుంది. ఒకరోజు ముందు సీట్లో కుర్రాడు ఫోను గట్టిగా పెట్టుకుని చూస్తుంటే తన వంటింటి చప్పుడు హైవే మీద వినిపించింది. పక్కనున్న ముసలాయన కూడా నవ్వాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దొంగసొత్తు బయటపడ్డట్టు అనిపించింది. దొంగ ఎవరో, సొత్తు ఎవరిదో మాత్రం తేలలేదు.

పదో తరగతిలో యశస్విని అనే పిల్ల ఉంది. బోర్డు మీద లెక్క సగం రాసేలోపే జవాబు చెప్పేసే పిల్ల. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల జవాబు చెప్పడానికి లేస్తే వెనక బెంచీల్లోంచి పళ్ళ సందున సన్నగా, సాగదీసి, కుక్కర్ కూత మొదలైంది. ఎవరో ఒకడు "వినపడిందా?" అంటాడు, తక్కినవాళ్ళు నవ్వుతారు. రాజరాజేశ్వరి బయట నిలబెట్టింది, తిట్టింది. హెడ్‌మాస్టర్ హరిచరణ్‌కి చెబితే ఆయన నవ్వేసి, "ఫోన్లలో వచ్చే సరదా అండి మేడం, మా ఇంట్లో మావాడూ అంటాడు" అన్నారు. కొన్నాళ్ళకి విజిళ్ళు ఆగాయి. యశస్విని లేవడం మానేసింది కాబట్టి.

శుక్రవారం క్లాసయ్యాక ఆ పిల్లని వరండాలో ఆపింది.

"ఇవాళ్టి లెక్క నీకొచ్చుగా. ఎందుకు లేవలేదు?"

"లేస్తే విజిలేస్తారండి."

"వాళ్ళ సంగతి నేను చూస్తానమ్మా."

"మీరు తిడితే ఆ కాసేపు ఆగుతారండి." పిల్ల బ్యాగు పట్టీని మెలిపెడుతూ నిలబడింది. "వాళ్ళొక మాట అంటున్నారు మేడం. ఆ వదిన వారం వారం వేస్తోందిగా, ఆవిడకే లేని రోషం నీకేంటే అని. నాకూ నిజమే అనిపించిందండి. ఆవిడకి నచ్చకపోతే స్టవ్ కట్టేయొచ్చు కదా."

రాజరాజేశ్వరి ఆ పిల్లని వెళ్ళమంది. ఇంటికెళ్ళే బస్సులో ఆ పిల్లకి చెప్పదగిన కారణాలు వరసగా వచ్చాయి. ఇంట్లో గొడవెందుకని. అత్తగారు పెద్దావిడని. నేను మానేస్తే ఇంకేదో కనిపెడతాడని. రేపు ఆ గొడవా వీడియో అవుతుందని. ఒక్కో కారణమూ నిజమే. కానీ ఒక్కోదాన్నీ పట్టుకుని వంటింటిదాకా నడిస్తే, అది స్టవ్ నాబ్ దగ్గరకొచ్చి ఆగిపోతోంది. ఆ నాబ్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకి ఏ కారణం దగ్గరా జవాబు లేదు. ఇన్నాళ్ళూ తనని వాడుకుంటున్నారనే అనుకుంది. అందులో ఒకరకం సుఖం ఉంది, బాధపడితే సరిపోతుంది. ఆ పిల్ల ఆ సుఖాన్ని కాస్తా లాగేసింది.

ఆదివారం కోర్సు కొత్త బ్యాచి కోసం లైవు. పదో తరగతి కుర్రాళ్ళు దాని గురించే మాట్లాడుకోవడం శనివారం ఆమె చెవిన పడింది. భార్గవ ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇవాళ కట్ చేసుకోడానికి ఉండదు రాజీ, జాగ్రత్త. 'మా ఇంట్లో అయితే' అనగానే..." అన్నాడు. ఆమె తలూపింది. ఆయన తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

కుక్కర్లో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. స్టవ్ వెలిగించలేదు. భారతీదేవి గుప్పెట మూసుకుని వచ్చింది. పొయ్యి వంక చూసింది, కోడలి వంక చూసింది.

"వెలిగించలేదేమ్మా?"

రాజరాజేశ్వరి ఆవిడ గుప్పెట మీద చెయ్యి వేసి ఆపింది. "ఈ పూట గింజలొద్దత్తయ్యా."

కొడుకు గొంతు తలుపవతల గలగలా పారుతోంది. ఆవిడ గుప్పెట తెరవకుండానే స్టూలు లాక్కుని కూర్చుంది. వెళ్ళిపోలేదు.

"మా ఇంట్లో అయితే తమ్ముళ్ళూ," అంటున్నాడు భార్గవ, "మా ఆవిడా ఉద్యోగం చేస్తుంది. జీతం తెస్తుంది. కానీ ఇంట్లో ఎవరి మాట? అడగండి, తనే చెబుతుంది. వినపడిందా తమ్ముళ్ళూ?"

ఏమీ వినపడలేదు. కొళాయి చుక్క ఒకటి సింకులో పడింది.

ఆయన నవ్వాడు, అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు. మళ్ళీ ఆగాడు. ఆ ఆగడంలో, ఇన్నాళ్ళూ తన విజిల్ దాచిపెట్టింది ఈ ఖాళీనేనని ఆమెకి అర్థమైంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. చివరికి ఆయన మామూలు గొంతే వచ్చింది, అరలో చొక్కా కనబడక ఆమెని పిలిచేటప్పటి గొంతు.

"రాజీ, ఏమైంది? విజిల్ రాలేదేంటి?"

జవాబిస్తే అవతల అందరికీ వినపడుతుంది. నందిగామలో వెనక బెంచీలకి ఈ గొంతు తెలుసు, ముందు బెంచీలో ఆ పిల్లకీ తెలుసు. రేపు క్లాసులో అడుగుపెట్టేది ఆర్.ఆర్. మేడం కాదు, విజిల్ వదిన. ఆ మాట లోపల ఒకసారి అనుకుని చూసింది. భయం వేసింది, కానీ అనుకున్నంత లేదు. తలుపు తీసింది. చివరి బెంచీకి వినపడేలా రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"స్టవ్ వెలిగించలేదండీ. కుక్కర్లో ఏమీ లేదు. మీరు పెట్టమన్న ఉత్త నీళ్ళే."