పాలచెంబులో నీటిచుక్క

నలభై లీటర్ల పాలు మా హాస్టల్ మురిక్కాలవలో ఒంపేశారు. నేను అక్కడ వంటమనిషిని, పేరు ముత్యాలు. పొయ్యి వెలిగించి ఆ పాలకోసమే కూర్చున్నాను. పిల్లలు గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడి చూశారు. ఒక్కరూ అరవలేదు. ఆకలికి అలవాటుపడ్డవాళ్లు అరవరు.

ఒడిశాలో దిగపహండి దగ్గర ఆ హాస్టలుకి పాలపొడి ఇచ్చేది బరంపురం కంట్రాక్టరు శ్యామసుందర్. ఆ పొడి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు గాని, తాగిన పిల్లల కడుపునొప్పి మా అందరికీ తెలుసు. కిలోమీటరు దూరంలో ఊరుంది, ఊరినిండా ఆవులున్నాయి. మన పిల్లలు మన పాలే తాగాలని నీలకంఠం ఛత్రపూర్ ఆఫీసుల చుట్టూ రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగాడు. పాతికేళ్లవాడు, నాలుగావుల పాడి. చివరికి నెలరోజులు పోసి చూడమన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా. నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు కంట్రాక్టరు కారులోనే ఊళ్లో దిగాడు, పాలు పితికేది చూస్తానని.

నీలకంఠం తల్లి తవిటమ్మ చెంబుతో ఆవు దగ్గర కూర్చుంది. వేళ్లతో రెండు చుక్కల నీళ్లు చెంబులో వేసింది. మా వైపు తడిలేని చెంబులోకి ఎవరూ పితకరు, పొదుగుకి దిష్టి తగులుతుందని. ఆఫీసర్ల ముందు వద్దని కొడుకు వందసార్లు చెప్పాడు. అరవై ఏళ్ల చెయ్యి, వినలేదు. ఇన్‌స్పెక్టరు పాలలో నీళ్లెంతో తేల్చే గాజుగొట్టం బయటికి తీయనైనా లేదు. నీళ్లు కలిపిన పాలని రాసేసి, ఊరందరి పాలూ హాస్టల్ దగ్గర ఒంపించాడు. కుక్కని చంపడానికి పిచ్చిదన్న ముద్ర దొరికింది.

సాయంత్రం పాడిరైతులు కూడారు. నేనూ వెళ్లాను. తిట్లన్నీ తవిటమ్మ మీదే పడ్డాయి. ముసలిదాని చాదస్తం ఊరి నోట్లో మట్టికొట్టిందని అసిరయ్య అన్నాడు. నీలకంఠం తలెత్తలేదు. అలిసిపోయానని, ఇక తిరగలేనని మాత్రం అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తవిటమ్మ లేచింది.

"నాను సాటుగా ఎయ్యలేదురా. ఆడి కళ్లముందే ఏసినాను. దొంగతనం సేసినోడు దాసుకుంటాడు. ఆ పొడిలో ఏటేటి కలిపినారో ఆ కంట్రాక్టరు మనకెప్పుడైనా సూపించినాడా?"

తవిటమ్మ కొడుకు వైపు తిరిగింది.

"రేపు ఆవుల్ని గేటుకాడికే తోలుకెల్దాం. పిల్లల ముందే పితుకుదాం."

తెల్లారేసరికి పదిహేడు ఆవులు దూడలతో సహా గేటు ముందు నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వెనకే పోలీసు జీపు వచ్చింది. పిల్లలు మళ్లీ గ్లాసులు తెచ్చారు. ఈసారి వరుస కట్టలేదు, గేటు తోసుకుని వచ్చి ఆవుల చుట్టూ నిలబడ్డారు. వద్దు వద్దన్న నీలకంఠమే చెంబులో నీటిచుక్కలు వేశాడు. పితికి, చెంబు ఇన్‌స్పెక్టరు ముందు పెట్టి, అయ్యా అనడానికి ఒడియావాళ్లలా ఆజ్ఞా అని పిలిచాడు.

"మీ గొట్టం ముంచండి ఆజ్ఞా. ఎంతుందో అందరికీ ఇనపడేలాగ సదవండి."

ఇన్‌స్పెక్టరు గొట్టం తీయలేదు. నీళ్లు కలిపేది వీడేనని పోలీసులకి చూపించాడు. నీలకంఠాన్ని జీపెక్కించారు.

పక్క ఆవు దగ్గరున్న అప్పలనర్సమ్మ తన చెంబులో నీటిచుక్క వేసింది. పక్కామె వేసింది. తిట్టిన అసిరయ్య వేశాడు. తవిటమ్మ జీపు వైపే చూస్తూ ఖాళీ చెంబొకటి నా చేతిలో పెట్టింది.

"కూకో, ముత్యాలూ."

వంటింట్లో పొడి డబ్బా మూత తీయకుండా ఉంది. ఉద్యోగం పోతుందని తెలుసు. వేళ్లు తడుపుకుని, ఇన్‌స్పెక్టరు చూస్తుండగానే చుక్క వేసి, నీలకంఠం ఆవు దగ్గర కూర్చున్నాను.