వేరు కుంపటి

కొత్త కాపురం. నాకు మా ఇంట్లో ప్రతిదీ ముద్దే: పసుపురంగు కర్టెన్లు, ఈల వేసే కుక్కరు, చెవి వెనక సిరా మరకతో ప్రెస్సు నుంచి వచ్చే మా ఆయన. అన్నిటికంటే ముద్దు ఆయన నానమ్మ. దర్జీ కొట్లో కాజాలు కుట్టి కుట్టి వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. కాపురానికి వచ్చిన వారంలోనే ఆవిడ గదిలోని చిన్న స్టవ్వును అటకెక్కించి, "ఇక అందరికీ ఒకే వంట" అని హుకుం జారీ చేశాను.

ఆ తర్వాతే పింఛన్ల తనిఖీ మొదలైంది. ఇంట్లో సంపాదించేవాళ్ళు ఉంటే నానమ్మలాంటి ముసలివాళ్ళకి పింఛను ఆపేస్తారట. వేరుగా వండుకుంటేనే వేరు కుటుంబం కింద లెక్క.

"లేనివాళ్ళకే ఇవ్వడం న్యాయమే కదా నానమ్మా" అన్నాను.

"న్యాయమేనే తల్లీ. కానీ సంపాదన వాడిది, ముసలితనం నాది. రెండూ ఒకే గిన్నెలో ఎలా కలుపుతారు?"

మా ఆయన స్టవ్వు దించి ఆవిడ గదిలో పెట్టాడు. "నా వంట నేనే వండుకుంటానని చెప్పు. అంతే. కబుర్లు వద్దు."

"నాకు నేర్పుతున్నావుట్రా? నీకు లాగు తొడుక్కోవడం నేర్పింది నేను!"

తనిఖీకి వచ్చినాయన గొంతు చాలా మెత్తన. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. నానమ్మ గదిలోకి వెళ్ళి స్టవ్వు మీద అరచెయ్యి ఆనించాడు.

"చల్లగా ఉందే."

"పొద్దున్నే వండేసుకున్నాను నాయనా."

ఆయన బర్నరు చుట్టూ వేలు తిప్పి, అంటిన దుమ్మును రుమాలుతో తుడుచుకున్నాడు.

"ఈ వయసులో మీకెంత కష్టం! కొత్త కోడలు పట్టించుకోదు కాబోలు. ఈ కాలం పిల్లలు అంతేలెండి" అన్నాడు జాలిగా.

మా ఆయన గట్టిగా దగ్గాడు. నానమ్మ మెడ నిటారుగా లేచింది.

"ఎవర్ని పట్టుకుని ఏం మాట? మా పిల్ల బంగారం! వచ్చిన దగ్గర్నుంచీ నన్ను పొయ్యి దరిదాపులకి రానిస్తేగా!"

ఒక్క క్షణం నాకు సంతోషమే వేసింది. తర్వాత తనిఖీ ఆయన నవ్వు చూశాను.

"అదృష్టవంతులు" అన్నాడాయన చెప్పులు వేసుకుంటూ. "ప్రస్తుతానికి పింఛను ఆపుతున్నాం. నిజంగా వేరుగా ఉంటే మళ్ళీ ఇస్తాం. చూడ్డానికి ఎప్పుడొస్తామో మాత్రం చెప్పం."

"పోనీలే నానమ్మా, మేం చూసుకోమా?" అన్నాడు మా ఆయన.

"చూసుకుంటావురా. కంటిచుక్కల మందుకి కూడా నీ మొహం చూసి అడగాలి. అదే నాకొద్దు."

మధ్య తలుపు ఆవిడే మూసింది. అటువైపు గడియ పడింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలో కూర పట్టుకుని ఆ తలుపు తట్టాను. లోపల ఏదో మాడిన వాసన.

"తీసుకెళ్ళిపోమ్మా. ఎవరైనా చూస్తారు" అంది గుసగుసగా.

"ఇంట్లో ఎవరు చూస్తారు నానమ్మా?"

వీధిలో ఒక మోటారుసైకిలు నెమ్మదించి, సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది. తలుపుకి అటు ఆవిడ, ఇటు నేను ఊపిరి బిగబట్టాం. నా ఇంట్లో నేను వండిన కూరను దొంగసొత్తులా కొంగు కింద దాచుకున్నాను.