బొటనవేలి కింది రెండు లైన్లు

వాంతులు ఆపే మందులు అమ్ముకుని ఇరవై రెండేళ్ళు బతికిన మనిషిని నేను. పేరు కోదండరాం. కాపురం వ్యాసర్పాడిలో, ఉద్యోగం మెడికల్ రెప్‌గా చెన్నై ఆస్పత్రులన్నిటి వరండాల్లో.

కొన్నేళ్ళుగా నా సంచిలో ఘనమైన సరుకు ఒక ఇంజక్షన్. కీమో ఎక్కించుకునేవాళ్ళకు పొట్ట చర్మం కింద ఇస్తారు. మామూలు ఇంజక్షన్ ఒక రోజుకే చేతులెత్తేస్తే, ఇది మెల్లగా కరుగుతూ అయిదు రోజులు కాపలా కాస్తుంది. "ఒక్క సూది, అయిదు రోజుల నిశ్చింత డాక్టర్! పేషెంటుకు నొప్పే తెలియదు!" అని లిఫ్టు తలుపు మూసుకునేలోగా చెప్పేసేవాణ్ణి. చేతిలో రంగుల ఫోల్డరు. దాని ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రెండు లైన్లుంటాయి. ఒకటి సూది దిగినచోట నొప్పి, రెండోది మలబద్ధకం. నా ఎడమ బొటనవేలు ఎప్పుడూ వాటి మీదే ఉండేది. కొత్తగా చేరిన రెప్‌లకు ఆ వేలు ఎక్కడ పెట్టాలో కూడా నేర్పాను. గురువునన్నమాట.

నిరుడు నా మెడ మీదే క్యాన్సర్ గడ్డ లేచింది. ఆరు విడతల కీమో అన్నారు. నాలాంటి గట్టిపిండానికి మామూలు ఇంజక్షన్ చాలని మొదటి విడతలో నేనే కోతలు కోశాను. రెండో రోజు నుంచి బకెట్టును విడిచి ఉండలేకపోయాను. తాళింపు వాసన తగిలితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేవి. నా భార్య కనకవల్లి ఇంట్లో తాళింపే మానేసి నాతోపాటు గంజి తాగింది. ఆరో రోజు ప్రకటించాను, ఇంక కీమోకి పోను, చస్తే చస్తానని.

ఆవిడ అరవలేదు. "మానేస్తే గడ్డ మల్లా పెరుగుతాదని డాక్టరమ్మ చెప్పింది గదా. నాకోసరం ఇంగొక్కసారి రాండి. మీరు అమ్మే ఇంజక్షనే ఏపిస్తాము" అంది. ఆ గొంతులో భయం విని కాదనలేకపోయాను.

రెండో విడత రోజున కీమో వార్డు నర్సు, సిస్టర్ అక్షయ, మందును గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టింది. అది తేనెలా చిక్కన. ముప్పై సెకన్లు కదలొద్దంది. అయిదో సెకనులో నేను పెట్టిన కేకకు పక్క మంచం పెద్దాయన లేచి కూర్చున్నాడు.

తరవాత అక్షయ జాగ్రత్తల కాగితం కనకవల్లికి ఇవ్వబోయింది. నేను లాక్కున్నాను. "నాకు తెలియనిదా!" అంటూ పై నుంచి కింద దాకా డాక్టర్లకు చెప్పినట్టే చదివి వినిపించాను.

వాంతి ఒక్కటి లేదు. మూడో రోజు ఇంట్లో ఆవాలు చిటపటలాడాయి. సాంబారన్నం రెండోసారి వడ్డించుకుంటుంటే కనకవల్లి కళ్ళు తుడుచుకుంది. కానీ లోపలికి పోయింది ఏదీ బయటికి రాలేదు. డాక్టరుకు ఫోన్ చెయ్యడానికి నామోషీ. అయిదో రోజుకు పొట్ట రాయైంది. నొప్పికి మెలికలు తిరుగుతుంటే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఎనిమా సంగతి వర్ణించను. పరువని ఒకటుండేది నాకు, అక్కడితో పోయింది.

"ఈ మందూ వద్దు, కీమో వద్దు. మూడో విడత లేదు" అన్నాను.

కనకవల్లి సంచిలోంచి ఆ కాగితం తీసింది. ఆవిడ చదువంతా తమిళంలోనే, కాగితమూ తమిళంలోనే ఉంది. "ఇదో, అడుగున రాసుండారే! మలబద్ధకం వస్తాదంట, మొదటి దినం నుంచే నీళ్ళు బాగా తాగాలంట, సిరప్ తాగాలంట. మీరు సదివినప్పుడు ఈ లైన్లు లేవే?"

నా బొటనవేలి వంక చూసుకున్నాను. నా పెళ్ళానికి కాగితం చదివేటప్పుడు కూడా అది దాని చోటికే పోయింది. ఫోల్డరు సంగతంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

"అట్లయితే తప్పు మందుది కాదు" అంది. "ఇన్నేండ్లలో ఎంతమంది ఇట్ల అల్లాడుంటారో."

పెద్ద డాక్టర్లు ఆ లైన్లు ఎలాగూ చదువుకుంటారు. చిన్న నర్సింగ్ హోముల్లో నేను చెప్పిందే వేదం. నాకు సిగ్గేసింది. ఎనిమా అప్పటి సిగ్గు దీని ముందు ఏపాటిది?

మూడో విడతకు నోరెత్తకుండా వెళ్ళాను. అక్షయ కాగితం ఇచ్చింది. అలవాటుగా నా ఎడమచెయ్యి ముందుకు పోయింది. కనకవల్లి దాన్ని పట్టుకుని, బొటనవేలిని తన గుప్పిట్లో బిగించి, అడుగు లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఈసారీ పక్క మంచంలోనే ఉన్న ఆ పెద్దాయన భార్య మా దగ్గరికి వచ్చింది. "ఆయనకీ ఇదే సూది ఏస్తారంట. కొంచెం గట్టిగా సదువమ్మా."

"మళ్ళీ ఆ అడుగు లైను నుంచే చదువు" అన్నాను నేను.

సూది దిగింది. మళ్ళీ కేక పెట్టాను. కనకవల్లి చదవడం ఆపలేదు, నా వేలు వదల్లేదు.