క్రిస్టినమ్మ ఎడమ పక్క

మా సమాధుల తోట నిడదవోలు అవతల, కాలువ గట్టు పక్కన ఉంది. ఎప్పుడో కాలువ తవ్వినప్పుడు పోసిన మట్టి దిబ్బ మీద మొదట దొరల సమాధులు కట్టారు. జ్వరాలకు పోయిన వాళ్ల పసిపిల్లలవీ ఉన్నాయి, పాపం. తర్వాత మా లూథరన్ సంఘం వాళ్లం వాటి పక్కనే చేరి దిబ్బంతా నింపేశాం. మిగిలింది చుట్టూ ఉన్న పల్లమే. కాలువ పారినన్నాళ్లూ అక్కడ గునపం వేస్తే చాలు, నీళ్లు ఊరతాయి.

మా ఆయన ఏసుపాదం ఆగస్టులో పోయారు. ఆ మనిషికి చెమ్మంటే పడేది కాదు. తడి తువ్వాలు మంచం మీద వేస్తే ఇల్లు పీకి పందిరి వేసేవారు. తీరా పల్లంలో తవ్విన గొయ్యి చూస్తే మోకాలి లోతు నీళ్లు! గోతులు తవ్వే సత్తియ్య బకెట్‌తో తోడుతుంటే మళ్లీ ఊరుతున్నాయి.

"పొద్దు పోతోందండి, ఇంక దించేద్దాం" అన్నారు పాస్టరు గారు.

"ఆయన్ని నీళ్లలో దించితే నేనూ దూకుతాను!" అని అరిచాను. నా నోటి సంగతి సంఘమంతటికీ తెలుసు.

అప్పుడు డేనియల్ మాస్టారు కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చారు. ఆయనకీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. చర్చిలో ఫ్యాను కింద కుర్చీ కోసం ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం.

"దిబ్బ మీద మా క్రిస్టినా కుడి పక్క చోటుంది కదా, అక్కడ తవ్వండి" అన్నారు.

అది ఆయన తన కోసం అట్టేపెట్టుకున్న చోటు. ఏటా సమాధుల పండక్కి భార్య సమాధికి సున్నం వేసి, ఆ ఖాళీ జాగాలో కూడా గడ్డి పీక్కునేవారు.

"మరి మీరో?" అన్నాను.

"నాకేంటమ్మా, వేసవిలో కాలువ కట్టేశాక పోతాను. అప్పుడు పల్లం కూడా పొడిగానే ఉంటుంది."

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. మా ఆయన్ని పొడి మట్టిలో పెట్టుకున్నాను. ఆ వారమంతా వాన కురిసినా నా గుండె నిబ్బరంగా ఉంది.

అప్పట్నుంచీ ప్రార్థనలో మాస్టారి పేరు చెప్పకుండా పడుకోలేదు. కానీ ఆయన దగ్గితే చాలు, నాకు హడలు. ఇది వానాకాలం కదా దేవుడా, అనుకునేదాన్ని.

మొన్న మే నెలలో కాలువ కట్టేశారు. పక్కన చేపల చెరువున్న పాపారాజు గారు పూడిక తీయిస్తున్నారని విని పరుగెత్తాను.

"ఆ మట్టి సమాధుల తోటకి ఇప్పించండి రాజు గారూ."

"దానికింత అడగాలా అండీ, తోలించుకోండి" అని ట్రాక్టరు కూడా ఇచ్చారు, చల్లగా ఉండాలి.

క్రిస్టినమ్మ ఎడమ పక్కకి దిబ్బ అయిపోయి పల్లం మొదలవుతుంది. ఆ పల్లాన్ని దిబ్బ ఎత్తుకు పూడ్పించి, దిమ్మిస కొట్టించాను. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారిని తీసుకెళ్లి చూపించాను. ఆయన కర్రతో మట్టిని పొడిచి చూశారు. గట్టిగా ఉంది.

"ఏంటి బేబమ్మా, నన్ను తొందరపెడుతున్నావా?"

"తొందరేం లేదండి. ఇంక మీరు వానాకాలంలో పోయినా ఫర్వాలేదని చెప్తున్నాను."

ఆయన భార్య సమాధి మీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత కళ్లు తుడుచుకుని, "వందనాలమ్మా" అన్నారు.

"వందనాలు నేను చెప్పాలి మాస్టారూ" అన్నాను. "ఫ్యాను కింద కుర్చీ మీకే వదిలేస్తున్నాను. చాలా ఏళ్లు కూర్చోండి."